వినే పని వేరు, చేసే పని వేరు



ఇవాళ మనం కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి మాట్లాడుకుందాం. అన్నిటి గురించీ అంటే ఒక పూటకి తెమిలే వ్యవహారం కాదు. అందుకే ప్రోగ్రాములో ఒక చిన్న ముక్క తీసుకుందాం. మనం ఇచ్చిన ఆర్డరును ప్రోగ్రాము చెవిన వేసుకునే ముక్క అది. అది సరిగ్గా వింటోందా, లేదా? ఆ సంగతి టెస్టు చేసి తెలుసుకోవడం ఎలా? ఇదీ ఇవాళ్టి విషయం.

ఈ మాటలు ముఖ్యంగా మన తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకి. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లో మొదలైంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఇంకా కాలేజీలు వచ్చాయి. ఇప్పుడు ఏ వీధిలో చూసినా పైథాన్ నేర్చుకునే పిల్లలు కనపడతారు. ఇంట్లో మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకో, బెంగళూరు కంపెనీకో పనిచేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఇది రోజూ పనికొచ్చే మాట. మిగిలినవాళ్లు కూడా వినండి. పెద్ద లెక్కలేమీ లేవు. మన ఊరి సంగతులే.

కొన్ని ప్రోగ్రాములకి బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర ఉంటుంది. అక్కడ ఒక్క వరస టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఆ వరసలో మొదటి మాట ప్రోగ్రాము పేరు. ఆ తర్వాత మాటలు మనం పెట్టే షరతులు. ఈ షరతుల్నే ఆప్షన్లు అంటారు. మామూలుగా వాటి ముందు ఒక డ్యాష్‌గానీ రెండు డ్యాష్‌లుగానీ ఉంటాయి. ఆ మొత్తం వరసని కమాండ్ అంటారు.

ఇది ఎలాంటిదో చూడండి. తెనాలి జంక్షన్లో టికెట్ కౌంటర్ దగ్గర ఒకాయన నిలబడ్డాడు. "రేపల్లెకి రెండు, ఒక హాఫ్" అన్నాడు. అంతే. ఎక్కడికి, పెద్దవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు, అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. లోపలున్న ఉద్యోగి ఆ మాట విన్నాడు. అర్థమైంది. అప్పుడు టికెట్ కొట్టాడు.

అదే ఆయన "రెండు" అని ఊరుకున్నాడనుకోండి. "ఎక్కడికండీ?" అని అడుగుతారు. అంతేగానీ బాపట్లకి రెండు కొట్టి చేతిలో పెట్టరు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లే లైను వేరు. బాపట్ల వెళ్లే లైను వేరు. తప్పుగా విని టికెట్ కొడితే మనిషి తప్పు ఊళ్లో దిగుతాడు. అందుకని కౌంటర్లో ముందు వింటారు. అర్థం కాకపోతే ఆపుతారు. అర్థమైతేనే టికెట్ కొడతారు.

ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. వినే పని వేరు, చేసే పని వేరు. ప్రోగ్రాములో ఈ రెండిటినీ విడదీయండి. వినే పనిని విడిగా టెస్టు చేయండి.

ఇప్పుడు ఒక ప్రోగ్రాము తీసుకుందాం. కృష్ణా పశ్చిమ డెల్టా మనది. వరి పండే నేల. ధాన్యం కొనే ఇంట్లో ఒక పిల్లవాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడని అనుకుందాం. వాళ్ల నాన్నగారి కోసం ఒక ప్రోగ్రాము రాశాడు. దాని పేరు "ధాన్యం". కాటా వేసిన తూకాలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. ఈ ప్రోగ్రాము ఆ ఫైలు చదువుతుంది. ఎవరివి ఎన్ని బస్తాలో లెక్క కడుతుంది. ఎవరి ధాన్యంలో తేమ ఎక్కువుందో చెప్తుంది. కావాలంటే రైతులకు ఎస్సెమ్మెస్‌లు కూడా పంపుతుంది.

తేమ సంగతి మీకు తెలుసు. మద్దతు ధరకు కొనాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. నవంబరు, డిసెంబరు కోతల్లో, అందులోనూ తుఫాను పట్టిన ఏడు, రైతు ప్రాణమంతా ఆ అంకె మీదే ఉంటుంది. బస్తా అంటే మన వాడుకలో 75 కేజీలు. ప్రభుత్వ లెక్క క్వింటాళ్లలో నడుస్తుంది. కాబట్టి బస్తా బరువెంతో ప్రోగ్రాముకి చెప్పాలి.

ఇప్పుడు ఆ పిల్లవాడు ఇచ్చే కమాండ్ చదువుతాను, వినండి. ధాన్యం. రెండు డ్యాష్‌లు, తేమ, 17. రెండు డ్యాష్‌లు, బస్తా, 75. చివర్న ఫైలు పేరు, రేపల్లె. అంతే కమాండ్. దీనికి "రెండు డ్యాష్‌లు, పంపు" అని ఇంకొక్క మాట చేరిస్తే ఎస్సెమ్మెస్‌లు వెళ్తాయి. చేర్చకపోతే లెక్క తెర మీద చూపించి ఊరుకుంటుంది.

మొదటిసారి రాసేవాళ్లు ఈ ప్రోగ్రామును ఎలా రాస్తారో చెప్తాను. అన్నీ కలగలిపి రాస్తారు. తేమ అన్న మాట కనపడగానే అంకె తీసుకుంటారు. ఫైలు పేరు కనపడగానే ఫైలు తెరుస్తారు. పంపు అన్న మాట కనపడగానే ఎస్సెమ్మెస్ కంపెనీకి కనెక్షన్ కలుపుతారు. వింటూనే చేస్తుంటారు. ప్రోగ్రాము నడుస్తుంది. నాన్నగారు మెచ్చుకుంటారు.

కష్టమంతా టెస్టు చేయబోయినప్పుడు తెలుస్తుంది. తేమ 17 అని సరిగ్గా విందో లేదో చూడాలంటే నిజం ఫైలు కావాలి. ఇంటర్నెట్ ఉండాలి. పొరపాటున పంపు అన్న మాట పడితే నిజంగానే రైతుల ఫోన్లు మోగుతాయి. ఇంత బాదరబందీ ఉంటే ఎవరు టెస్టు చేస్తారు? ఎవరూ చేయరు. ఒకసారి నడిపి చూసి, బాగానే ఉందిలే అని వదిలేస్తారు.

విడదీస్తే ఈ బాధ పోతుంది. వినే పనికి ఒక ఫంక్షన్ రాయండి. దానికి ఇచ్చేది మాటల వరస. అది తిరిగి ఇచ్చేది నింపిన ఫారం. తేమ ఇంత, బస్తా ఇంత, ఫైళ్లు ఇవి, పంపాలా వద్దా. అంతే. ఆ ఫంక్షన్ ఫైలు తెరవకూడదు. నెట్ జోలికి పోకూడదు. తెర మీద లెక్కలు రాయకూడదు. ఆ ఫారం తీసుకుని పని చేసేది ఇంకో ఫంక్షన్.

పైథాన్‌లో దీనికి కావలసినవన్నీ పెట్టెలోనే ఉన్నాయి. ఆర్గ్‌పార్స్ అని ఒక లైబ్రరీ ఉంది. దాన్ని స్టీవెన్ బెథార్డ్ అనే ఆయన రాశారు. 2010లో వచ్చిన పైథాన్ 2.7తో అది పైథాన్‌లోనే భాగమైంది. దాన్ని ఊరికే పిలిస్తే, కీబోర్డు మీద టైపు చేసిన మాటలు తీసుకుంటుంది. ఒక లిస్టు చేతికిస్తే, ఆ లిస్టులో మాటలే తీసుకుంటుంది. టెస్టుకి కావలసింది ఆ రెండోదే. మీ ఫంక్షన్ కూడా లిస్టు తీసుకునేలా రాయండి. ఇక టెస్టులో కీబోర్డు అక్కర్లేదు, ఫైలు అక్కర్లేదు. మాటల లిస్టు ఇవ్వండి. వచ్చిన ఫారం చూడండి. ఇలాంటి టెస్టులు వంద రాసినా కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి.

ఇంకోసారి చెప్తాను. వినే పని వేరు, చేసే పని వేరు.

ఈ వినే పనికి వెనక కొంత చరిత్ర ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. మొదట్లో ఒక్కో ప్రోగ్రాము ఒక్కో తీరుగా ఆప్షన్లు వినేది. తర్వాత గెటాప్ట్ అనే ఒకే ఫంక్షన్ వచ్చింది. 1985లో డాలస్ నగరంలో యూనిఫోరమ్ అనే యూనిక్స్ సమావేశం జరిగింది. అక్కడ బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ కంపెనీ ఆ గెటాప్ట్ కోడ్‌ను ఎవరైనా వాడుకోండని ఉచితంగా ఇచ్చేసింది. కారణం తేలికే. అందరూ ఒకే తీరుగా వింటే, వాడేవాళ్లకి సుఖం. ఇప్పుడు దాదాపు ప్రతి భాషలోనూ ఇలాంటి లైబ్రరీ ఉంది. కాబట్టి వినే కోడ్ చేత్తో రాయకండి. ఉన్న లైబ్రరీ వాడండి.

లైబ్రరీ ఉంటే ఇంక టెస్టులెందుకని మీకు అనుమానం రావచ్చు. లైబ్రరీని టెస్టు చేయమని నేను అనడం లేదు. రాసినవాళ్లే దాన్ని టెస్టు చేసుకున్నారు. మీరు టెస్టు చేయాల్సింది మీ నిర్ణయాలు. తేమ చెప్పకపోతే 17 అనుకోవాలన్నది మీ నిర్ణయం. తేమ వంద దాటకూడదన్నది మీ నిర్ణయం. అడగందే ఎస్సెమ్మెస్ పంపకూడదన్నది మీ నిర్ణయం. వీటి సంగతి లైబ్రరీకి తెలియదు.

ముందు సరే అనాల్సిన కమాండ్లు చూద్దాం. అన్ని ఆప్షన్లూ ఉన్న కమాండ్ ఒకటి ఇవ్వండి. ఫారంలో అన్నీ చేరాయా చూడండి. తర్వాత ఏ ఆప్షనూ లేకుండా ఫైలు పేరు ఒక్కటే ఇవ్వండి. తేమ 17 అని పడిందా? బస్తా 75 అని పడిందా? పంపు దగ్గర వద్దు అని ఉందా? ఈ మూడోది మరీ ముఖ్యం. ఏమీ చెప్పనప్పుడు ప్రోగ్రాము నష్టం లేని దారే పట్టాలి. ఆ తర్వాత ఫైలు పేరు ముందు పెట్టి, ఆప్షన్లు వెనక పెట్టి చూడండి. ఫారం మారకూడదు. తేమ రెండుసార్లు చెప్పి చూడండి, ముందు 17, తర్వాత 14 అని. మామూలుగా ఆర్గ్‌పార్స్ చివరి మాటే పట్టుకుంటుంది. అది మీకు సమ్మతమైతే అలాగే టెస్టు రాసి పెట్టండి. సమ్మతం కాకపోతే ఆపేయమని రాయండి. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఇక వద్దు అనాల్సిన కమాండ్లు. చాలామంది వదిలేసేది ఇక్కడే. కౌంటర్లో ఉద్యోగి మంచివాడా కాదా అన్నది "రేపల్లెకి రెండు" అన్నప్పుడు తెలియదు. ఉత్త "రెండు" అన్నప్పుడు తెలుస్తుంది. అలాగే మీ ప్రోగ్రాము పనితనం తప్పు కమాండ్ ఇచ్చినప్పుడే బయటపడుతుంది.

వద్దు అనడం అంటే ఏమిటి? అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, ప్రోగ్రాము ఆగిపోయి ఒక అంకె చెప్పాలి. పని సవ్యంగా అయితే సున్నా. కమాండ్ తప్పైతే ఆర్గ్‌పార్స్ చెప్పే అంకె రెండు. రెండోది, తప్పేమిటో చెప్పే మాట ఎర్రర్ల దారిలో రావాలి. ప్రోగ్రాముకి మాటలు బయటికొచ్చే దారులు రెండుంటాయి. ఒకటి ఫలితాలకి, ఒకటి ఎర్రర్లకి. ఫలితాల దారిని మనం తరచు ఇంకో ఫైల్లోకి మళ్లిస్తాం. ఎర్రర్ కూడా అందులోనే పోతే, రేపల్లె లెక్కల ఫైల్లో "తేమ తప్పు" అన్న వాక్యం కూర్చుంటుంది. మనిషికి కనపడదు. మూడోది, ఏ పనీ జరిగి ఉండకూడదు. సగం ఎస్సెమ్మెస్‌లు పంపేసి, అప్పుడు కమాండ్ తప్పని చెప్తే ఏం లాభం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

పైథాన్‌లో టెస్టులు నడిపే పైటెస్ట్ వాడేవాళ్లకి ఒక మాట. తప్పు కనపడగానే ఆర్గ్‌పార్స్ ప్రోగ్రామునే ఆపేయబోతుంది. అందుకని సిస్టమ్ ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్ లేపుతుంది. టెస్టులో దాన్ని పట్టుకోవాలి. పట్టుకుని అందులో అంకె రెండేనా చూడాలి. ఎర్రర్ల దారిలో వచ్చిన మాట కూడా చదవాలి.

ఆ మాట ఎందుకు చదవాలో చెప్తాను. ఇక్కడొక చిక్కు ఉంది. తేమ 170 అని ఇస్తే ప్రోగ్రాము వద్దనాలి. టెస్టు రాశారు. లిస్టులో "రెండు డ్యాష్‌లు తేమ, 170" అని పెట్టారు. ప్రోగ్రాము ఆగిపోయింది. అంకె రెండు వచ్చింది. టెస్టు పాసైంది. కానీ నిజానికి ఆ ప్రోగ్రాములో వంద దాటకూడదన్న షరతు ఇంకా ఎవరూ రాయనేలేదు. మరి ఎందుకు ఆగింది? టెస్టు రాసినవాళ్లు లిస్టులో ఫైలు పేరు పెట్టడం మరిచారు. ప్రోగ్రాము ఆగింది ఫైలు పేరు లేదని. తేమ మాట దానికి పట్టనే లేదు. టెస్టు మాత్రం పచ్చగా వెలుగుతోంది.

దీనికి విరుగుడు ఒక చిన్న నియమం. ముందు మంచి కమాండ్ ఒకటి తీసుకోండి. అందులో ఒక్కటంటే ఒక్క మాట చెడగొట్టండి. మిగతాదంతా సరిగ్గా ఉండాలి. అప్పుడు వద్దందంటే ఆ ఒక్క మాటకే అన్నట్టు. ఎర్రర్ వాక్యంలో ఆ ఆప్షన్ పేరు ఉందో లేదో కూడా చూడండి. 17 బదులు 170. ఒక టెస్టు. 17 బదులు మైనస్ 3. ఇంకో టెస్టు. 17 పక్కన శాతం గుర్తు. ఇంకో టెస్టు. తేమ అని చెప్పి అంకె ఇవ్వకుండా వదిలేయడం. ఇంకోటి. ఒక్కోసారి ఒక్క మాటే. ఈ నియమం గుర్తుంచుకోండి. ఒక్కోసారి ఒక్క మాటే చెడగొట్టాలి.

ఇప్పుడు మన పిల్లవాడి ప్రోగ్రాములో దాక్కున్న తప్పులు కొన్ని చూద్దాం. ఇవన్నీ పైథాన్‌లో నిజంగా జరిగేవే.

మొదటిది పంపు ఆప్షన్. పంపాలా వద్దా అన్నది అవును కాదు వ్యవహారం కదా అని, దాని రకం బూల్ అని రాశాడు. వాళ్ల నాన్నగారు జాగ్రత్తగా "పంపు, ఫాల్స్" అని కొట్టారు. అంటే పంపొద్దని. ఎస్సెమ్మెస్‌లన్నీ వెళ్లిపోయాయి. ఎందుకు? పైథాన్ బూల్ దృష్టిలో ఖాళీగా లేని ప్రతి మాటా ట్రూనే. ఫాల్స్ అనేది ఐదు ఇంగ్లీషు అక్షరాలున్న మాట. ఖాళీ కాదు. కాబట్టి ట్రూ. ఇలాంటి ఆప్షన్‌కి విలువ తీసుకోకూడదు. మాట ఉంటే అవును, లేకపోతే కాదు, అంతే. ఆర్గ్‌పార్స్‌లో దానికి స్టోర్ ట్రూ అనే పద్ధతి ఉంది. "పంపు, ఫాల్స్" అన్న కమాండ్ మీద ఒక్క టెస్టు ఉన్నా ఈ తప్పు ఇంట్లోనే దొరికేది.

రెండోది ఇంకా గడుసుది. తేమ సున్నా కన్నా తక్కువుంటే వద్దు, వంద కన్నా ఎక్కువుంటే వద్దు అని షరతు రాశాడు. బాగానే ఉంది కదా? ఇప్పుడు తేమ దగ్గర ఎన్, ఏ, ఎన్ అనే మూడు అక్షరాలు వచ్చాయి. నాన్ అంటారు దాన్ని. అంకె కానిది అని అర్థం. పైథాన్‌లో మాటను అంకెగా మార్చే ఫ్లోట్ దాన్ని హాయిగా తీసుకుంటుంది. అది సున్నా కన్నా తక్కువా అంటే కాదు. వంద కన్నా ఎక్కువా అంటే కాదు. రెండు షరతులూ దాటి లోపలికొచ్చేసింది. తర్వాత ప్రతి రైతు తేమనూ దానితో పోలుస్తుంది. 22 శాతం దానికన్నా ఎక్కువా? కాదు. ఇంకేం, ఏ ధాన్యంలోనూ తేమ ఎక్కువ లేదని లెక్క వచ్చేస్తుంది.

నాన్ అని ఎవరు టైపు చేస్తారండీ అంటారా? మనిషి చేయడు. కమాండును ఇంకో ప్రోగ్రాము తయారు చేస్తున్నప్పుడు వస్తుంది. పాండాస్ లైబ్రరీతో ఎక్సెల్ షీటు చదివితే, ఖాళీ గడి నాన్‌గా మారుతుంది. అది అలాగే కమాండ్‌లోకి జారుతుంది. విరుగుడేమిటి? షరతును తిప్పి రాయాలి. ఇలా ఉంటే వద్దు అని రాయకండి. సున్నాకీ వందకీ మధ్య ఉంటేనే సరే అని రాయండి. నాన్ ఆ మధ్యలో ఉండదు. బయటే ఆగిపోతుంది. నాన్ మీద ఒక టెస్టు రాసి పెట్టండి.

మూడోది డ్యాష్. నాన్నగారికి కమాండ్ గుర్తుండదు. కొడుకు వర్డ్‌లో రాసిచ్చాడు. లేదా ఐఫోన్లో మెసేజి పెట్టాడు. రెండు చిన్న డ్యాష్‌లు టైపు చేస్తే, అందం కోసం వాటిని కలిపి ఒక పొడుగు డ్యాష్ చేయడం ఆ రెండిటికీ అలవాటు. నాన్నగారు అది కాపీ చేసి నల్ల తెర మీద పెట్టారు. కంటికి గీత గీతలాగే కనపడుతోంది. ఆర్గ్‌పార్స్‌కి అది డ్యాష్ కాదు. అది వేరే అక్షరం. కాబట్టి "తేమ" ఆప్షన్ కాకుండా పోయింది. మన ప్రోగ్రాము ఎన్ని ఫైళ్లయినా తీసుకుంటుంది. అందుకని పొడుగు డ్యాష్ తేమ ఒక ఫైలు, 17 ఒక ఫైలు, రేపల్లె ఒక ఫైలు అనుకుంది. మూడు ఫైళ్లు! అలాంటి ఫైలు లేదని చెప్తే నయమే. లేని ఫైళ్లని వదిలేసి ముందుకెళ్లేలా రాసి ఉంటే మాత్రం చిక్కే. నాన్నగారు 17 బదులు 14 అడిగి ఉన్నా, మామూలు 17తోనే లెక్క కట్టేస్తుంది. పొడుగు డ్యాష్‌తో మొదలయ్యే మాట వస్తే ఆపి, "చిన్న డ్యాష్‌లు రెండు కొట్టండి" అని చెప్పేలా రాయండి. దాని మీదా ఒక టెస్టు.

నాలుగోది మన తెలుగుకి సంబంధించింది. తేమ దగ్గర తెలుగు అంకెలతో 17 అని కొడితే ఏమవుతుంది? పైథాన్ తీసుకుంటుంది. యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో ఉన్న తెలుగు అంకెలు, సున్నా నుంచి తొమ్మిది దాకా, దానికి అంకెలే. ఇది సంతోషించాల్సిన సంగతి. కానీ రేపెవరో కోడ్ మార్చి, సున్నా నుంచి తొమ్మిది దాకా ఇంగ్లీషు అంకెలే తీసుకోవాలని రాస్తే, ఆ సదుపాయం చప్పుడు లేకుండా పోతుంది. ఉండాలనుకుంటే దాని మీద టెస్టు రాయండి. టెస్టు ఉంటే అది పోయిన రోజే తెలుస్తుంది.

ఇదే దారిలో ఇంకొకటి. ఎస్సెమ్మెస్ ఎవరికి అన్న ఆప్షన్ ఒకటి పెట్టాడనుకోండి. రైతు, లేదా కౌలురైతు. ఈ రెండు మాటలే తీసుకోవాలి. "రైతు" అని ఇచ్చినా వద్దంటోంది. మళ్లీ మళ్లీ చూసినా అక్షరం పొల్లు పోలేదు. సంగతేమిటంటే, యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు తీరులుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఒక తీరు. ఎత్వం, దానికి తోడు ఇంకో చిన్న గుర్తు కలిపి ఇంకో తీరు. పాత మాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లను రెండో తీరులో విడదీసి దాచుకునేవి. ఆ పేర్ల నుంచి కాపీ చేస్తే ఈ తేడా వస్తుంది. తెర మీద రెండూ ఒకటే. కంప్యూటర్‌కి రెండూ వేరు. పోల్చే ముందు రెండిటినీ ఒకే తీరుకి తెచ్చుకోవాలి. దాన్ని నార్మలైజ్ చేయడం అంటారు. పైథాన్‌లో ఒక్క లైను పని. తెలుగు మాటలు తీసుకునే ప్రోగ్రాము ఎవరు రాసినా ఈ టెస్టు తప్పకుండా ఉండాలి.  మనమే రాసుకోవాలి.

ఐదోది పొట్టి మాటలు. "బస్తా" అని పూర్తిగా కొట్టకుండా ఉత్త "బ" అని కొట్టినా ఆర్గ్‌పార్స్ అర్థం చేసుకుంటుంది. బ తో మొదలయ్యే ఆప్షన్ ఒకటే ఉంది కదా అని. నాన్నగారు అలాగే అలవాటు పడ్డారు. వచ్చే ఏడు కొడుకు "బరువు" అని ఇంకో ఆప్షన్ చేర్చాడు. ఇప్పుడు "బ" అంటే ఏది? ప్రోగ్రాము ఆగిపోతుంది. పాత కమాండ్లన్నీ మూలపడతాయి. ఈ పొట్టి మాటల సదుపాయాన్ని ఆపేసే వీలు పైథాన్ 3.5 నుంచి ఉంది. ఆపేయడమే మేలు. ఆపేశాక "బ" అంటే వద్దంటోందని టెస్టు రాయండి.

ఆరోది హెల్ప్. కమాండ్ గుర్తు లేనివాళ్లు ముందు అడిగేది హెల్ప్. ఆ హెల్ప్ వాక్యంలో పిల్లవాడు "తేమ 17% లోపు ఉండాలి" అని శాతం గుర్తు పెట్టి రాశాడు. ఆర్గ్‌పార్స్ హెల్ప్ వాక్యాల్లో శాతం గుర్తుకి వేరే అర్థం ఉంది. గుర్తు కావాలంటే రెండుసార్లు రాయాలి. ఒక్కసారే రాస్తే చాలా పైథాన్ వెర్షన్లలో హెల్ప్ అడిగినప్పుడు ప్రోగ్రాము కూలిపోతుంది. సాయం అడిగితేనే కూలిపోయే ప్రోగ్రాము! రాసినవాడికి కమాండ్లన్నీ కంఠతా వచ్చు. వాడు హెల్ప్ ఎప్పుడూ అడగడు. అందుకే ఈ తప్పు వాడికి ఎప్పటికీ కనపడదు. హెల్ప్ అడగండి, అంకె సున్నా రావాలి. ఇంతే టెస్టు. అన్నిటికన్నా చిన్నది, అందరూ మరిచేది.

ఇవన్నీ చిన్న చిన్న తప్పులే కదా అనిపించవచ్చు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో జరిగింది చెప్తాను. అమెజాన్ కంపెనీకి ఎస్3 అని ఒక సర్వీసు ఉంది. లెక్కలేనన్ని వెబ్‌సైట్లు తమ ఫైళ్లు అందులోనే దాచుకుంటాయి. ఉత్తర వర్జీనియాలో ఉన్న కేంద్రంలో ఏదో నెమ్మదిగా ఉందని చూస్తున్నారు. కొన్ని సర్వర్లు తీసేద్దామని ఒక ఉద్యోగి కమాండ్ ఇచ్చారు. అందులో ఒక విలువ తప్పు పడింది. అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. తిరిగి అంతా కుదుటపడడానికి సుమారు నాలుగు గంటలు పట్టింది. ఆ కాసేపూ ఎన్నో వెబ్‌సైట్లు, యాప్‌లు మూగబోయాయి.

తర్వాత అమెజాన్ ఏం చేసిందన్నది మనకి ముఖ్యం. జరిగింది జరిగినట్టు బయటపెట్టింది. ఆ కమాండ్ వినే సాధనాన్ని సరిదిద్దింది. ఉండాల్సిన కనీస సర్వర్ల కన్నా తక్కువకి దింపే ఆర్డరు వస్తే వద్దనేలా మార్చింది. తీసేసేది కూడా మెల్లమెల్లగా తీసేలా చేసింది. మనిషి వేలు ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. జారినప్పుడు వద్దనే బాధ్యత ప్రోగ్రాముది. వద్దంటోందా లేదా చూసే బాధ్యత టెస్టుది.

ఒక మాట మిగిలింది. వినే పనిని విడిగా టెస్టు చేశాం. మరి రెండూ కలిసి పనిచేస్తున్నాయా? అది కూడా చూడాలి. అందుకు మొత్తం ప్రోగ్రామును నిజం కమాండ్‌లాగే నడిపే టెస్టులు రెండో మూడో రాయండి. చాలు. ఎందుకంటే ప్రోగ్రాముకన్నా ముందు మన మాటలు షెల్ అనే ఇంకో దాని చేతిలో పడతాయి. ఫైలు పేరులో ఖాళీ ఉంటే షెల్ దాన్ని రెండు మాటలుగా విరుస్తుంది. "తెనాలి కాటా" అన్న ఫైలు, తెనాలి ఒకటి, కాటా ఒకటి అవుతుంది. కోట్స్‌లో పెడితే ఒకటిగా ఉంటుంది. ఇలాంటివి లిస్టు ఇచ్చే టెస్టుల్లో కనపడవు. అందుకని ఆ రెండు మూడు టెస్టులు. మిగతావన్నీ లిస్టు టెస్టులే. అవి వేగంగా నడుస్తాయి, ఏ ఫైలునూ ముట్టవు, ఎవరి ఫోనూ మోగించవు.

ఇప్పటిదాకా చెప్పుకున్నది నాలుగు ముక్కల్లో చెప్తాను. వినే పనినీ చేసే పనినీ విడదీయాలి. లైబ్రరీని వదిలేసి మన నిర్ణయాల్ని టెస్టు చేయాలి. సరే అనే కమాండ్లతో పాటు వద్దు అనే కమాండ్లకీ టెస్టులుండాలి. మంచి కమాండ్‌లో ఒక్కోసారి ఒక్క మాటే చెడగొట్టి, దానికే ఆగిందో లేదో చూడాలి.

వింటున్న విద్యార్థులకి నా విన్నపం. మీ ల్యాప్‌టాప్‌లో మీరు రాసిన ప్రోగ్రాము ఏదో ఒకటి ఉంటుంది. ఈ రాత్రికి దాన్ని తెరవండి. అందులో వినే పనిని ఒక ఫంక్షన్‌గా విడదీయండి. దానికి మూడే మూడు టెస్టులు రాయండి. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఏమవుతుందో ఒకటి. ఒక్క మాట చెడగొడితే ఏమవుతుందో ఒకటి. హెల్ప్ అడిగితే ఏమవుతుందో ఒకటి. రేపు కాలేజీలో మీ ప్రాజెక్టు చూపించే ముందు, మీ పక్కనున్న స్నేహితుణ్ణి పిలిచి, తన ఇష్టం వచ్చిన తప్పు కమాండ్ కొట్టమనండి. ప్రోగ్రాము మర్యాదగా వద్దని, ఎందుకు వద్దో చెప్తే, మీ ప్రోగ్రాము ఇతరుల చేతికివ్వడానికి పనికొస్తుంది. లేకపోతే ఇంకా పని మిగిలిందని అర్థం.